కొత్తది కొనేముందు ఉన్నది కొలవండి

కంప్యూటర్ నెమ్మదించిందంటే చాలు, కొత్తది కొనే ఆలోచన మొదలవుతుంది. దానికన్నా ముందు, ఉన్న ర్యామ్ పూర్తి వేగంతో పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. డబ్బు పోసి కొన్న వేగాన్ని వాడకుండా వదిలేయడం వృథా. డీడీఆర్4 ర్యామ్ మీద 3200 అని రాసి ఉన్నా, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌ఎంపీ అనే వేగపు అమరికను ఆన్ చేయకపోతే అది 2133 దగ్గరో 2400 దగ్గరో ఆగిపోవచ్చు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఆ అంకె, నిండిన స్లాట్ల సంఖ్య కనిపిస్తాయి. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఒక ఛానల్‌లో 2133 వేగంతో సెకనుకు గరిష్ఠంగా 17 గిగాబైట్లు వెళితే, 3200తో 25.6 వెళతాయి. ఒకే 16 జీబీ స్టిక్‌కు బదులు రెండు 8 జీబీ స్టిక్‌లను సరైన స్లాట్లలో పెడితే రెండు ఛానళ్లూ పనిచేసి అది 51.2 అవుతుంది.

ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే ర్యామ్ పాడవుతుందన్న భయం ఉంటుంది. కానీ ఆ అంకెలు తయారీదారు ఆ స్టిక్‌లోనే రాసిపెట్టినవి. అయినా వారంటీ షరతులు చదవాలి, మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌తో ర్యామ్‌ను పరీక్షించాలి, తప్పులొస్తే పాత వేగానికి మార్చాలి. ఉత్తరాలు టైపు చేసుకునేవారికి తేడా తెలియదన్న మాటా నిజమే. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో మాత్రం బొమ్మల పనికీ ఈ ర్యామే ఆధారం. అక్కడ ఫలితం కళ్లకు కడుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసే వెసులుబాటు ఉండదు. ర్యామ్ పరిమాణమే చాలకపోతే వేగమూ ఆదుకోదు. అందుకే ముందు కొలత, తర్వాతే ఖర్చు.