మొదటి యాభై ప్రతులు

సరాయి అంటే బాటసారుల విడిది. దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. ప్రాంగణం ప్రక్కనే ఉన్న జియా సరాయ్‌కి ఆ పేరు నేటికీ తగినదే. సరాయిలో పూర్వం ప్రయాణికులు రాత్రికి తలదాచుకొనేవారు. ఇప్పుడిక్కడ విద్యార్థులు ఒకటి రెండేళ్లు తలదాచుకొంటున్నారు. నెట్, గేట్ వంటి పరీక్షల శిక్షణ కోసం దేశం నలుమూలల నుంచి వచ్చి, ఇరుకు మేడలలో చిన్న గదులు అద్దెకు తీసికొని, పరీక్ష ముగియగానే పెట్టె సర్దుకొని వెళ్ళిపోతారు.

ఈ సందులలో అడుగడుగునా కనిపించేవి జిరాక్సు దుకాణాలు. వాటి అరలలో గుట్టలుగా పేర్చి ఉండేవి నోట్సులు. ఎవరో అధ్యాపకుడు పాఠం చెప్పగా ఎవరో విద్యార్థి చేతితో వ్రాసుకొన్న పుటలు, వందల ప్రతులై, స్పైరలు బైండింగుతో కొత్త విద్యార్థుల చేతికి చేరుతుంటాయి. ఆ నోట్సుకు పేరుమోసిన ప్రచురణకర్త లేడు. పెద్దల ముందుమాట లేదు. ఆవిష్కరణ సభ అసలే లేదు. ఒకరికి పనికివచ్చినది మరొకరికీ పనికివస్తుందన్న ఒక్క నమ్మకమే దానిని నడిపిస్తున్నది.

ఒక పాఠం ఇలా ప్రయాణం చేయగలిగినప్పుడు, ఒక కథ ఎందుకు చేయరాదు?

ఖాళీగా ఉన్న అర

ఇటువంటి గదిలో ఉంటున్న ఒక తెలుగు విద్యార్థిని ఊహించుకొందాం. వయస్సు ఇరవై రెండు. పదిహేనవ యేట ఇల్లు విడిచి రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. తెల్లవారకముందే మ్రోగే గంట, వారం వారం గోడమీద అంటించే ర్యాంకుల జాబితా, ఆదివారంనాడు అమ్మతో మాట్లాడే పది నిమిషాల కోసం నిలబడిన వరుస, తప్పినవాడు ఇంటికి పోవడానికి భయపడిన ఫలితాల రోజు, ఇవన్నీ అతడికి తెలుసు. లెక్కల పుస్తకం వెనుక పుటలలో వాటిని కథగా వ్రాసుకొంటున్నాడు. ఈ కథ చదవవలసినవారు ఈనాడు అదే హాస్టలులో, అదే వరుసలో నిలబడి ఉన్నారు. కాని అది వారికి చేరే దారి అతడికి కనిపించదు.

ఈ లోటు ఒక్క అతడిది కాదు. బాలల కోసం తెలుగులో గొప్ప కృషి జరిగింది. న్యాయపతి దంపతుల ‘బాల’ 1945లోను, ‘చందమామ’ 1947లోను ఆరంభమై తరాల పాఠకులను పెంచాయి. ఆ పత్రికలు ఇప్పుడు లేకపోయినా వాటి ప్రభావం ఉన్నది. పెద్దల నవలలకు కూడా మనకు కొరత లేదు. రాకుమారుల కథలు దాటిపోయి, సంసారాల కథలకు ఇంకా చేరని పదమూడు పంధొమ్మిదేళ్ల మధ్య వయస్సువారి అర మాత్రం దాదాపు ఖాళీగా ఉన్నది. ఆంగ్లంలో ‘యంగ్ ఎడల్ట్’ అని వ్యవహరించే ఈ శాఖను మనం కౌమార సాహిత్యం అనవచ్చు. ఆ వయస్సుకు దగ్గరగా వచ్చే పుస్తకాలు తెలుగులో లేకపోలేదు. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చదివినవారికి ఆ సంగతి తెలుసు. అయితే అటువంటివి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే.

విద్యార్థి జీవితానికి పాఠకులు ఉండరనే వాదం నిలిచేది కాదు. 2004లో వెలువడిన చేతన్ భగత్ ఆంగ్ల నవల ‘ఫైవ్ పాయింట్ సమ్‌వన్’కు రంగస్థలం జియా సరాయ్ ప్రక్కనున్న ఐ.ఐ.టి.యే. దానిని ప్రచురించినది రూపా సంస్థ. అది సొంత ప్రచురణ కాదు. కాని హాస్టలు గదులలోని కథకు దేశమంతటా పాఠకులున్నారని అది రుజువు చేసింది.

మనకు కొత్త దారి కాదు

సొంతంగా అచ్చువేసికొన్న పుస్తకమనగానే, ఎవరూ వేయని పుస్తకమని చాలామంది అర్థం చేసికొంటారు. మన సాహిత్య చరిత్ర ఇందుకు భిన్నమైన సంగతి చెబుతున్నది. కందుకూరి వీరేశలింగం తమ ‘రాజశేఖర చరిత్రము’ను 1878లో తమ సొంత పత్రిక ‘వివేకవర్ధని’లోనే ప్రకటించి, 1880లో పుస్తకంగా తెచ్చారు. శ్రీశ్రీ మొదటి పుస్తకం ‘ప్రభవ’ 1928లో, ఆయనకు పద్దెనిమిదేళ్ల వయస్సులో, విశాఖపట్నం మిత్రుల కవితాసమితి పక్షాన వెలువడింది. దిగంబర కవులు 1965లో తమ తొలి సంపుటాన్ని తామే వెలువరించి, హైదరాబాదులో అర్ధరాత్రి పాండు అనే రిక్షా కార్మికుని చేత ఆవిష్కరింపజేశారు. ఎవరి అనుమతికీ వారు ఎదురుచూడలేదు.

ఎదురుచూస్తే ఏమవుతుందో కూడా ఆ చరిత్రలోనే ఉన్నది. ‘మహాప్రస్థానం’ గీతాలలో అధికభాగం 1930లలో వ్రాసినవి; పుస్తకంగా వచ్చినది 1950లో. అంతటి కవిత్వం గనుక ఆ ఎడబాటును తట్టుకొని నిలిచింది. హాస్టలు కథ వ్రాసిన ఇరవై రెండేళ్ల యువకుడు ముప్ఫై అయిదేళ్ల దాకా ఆగితే, కథ మిగులుతుంది గాని దానిలోని జ్వరం మిగలదు. ఈలోగా అది చదవవలసిన పిల్లలు పెద్దవారైపోతారు.

ఇతర దేశాలలోనూ ఇటువంటి ఉదాహరణలున్నాయి. బియాట్రిక్స్ పాటర్ తన కుందేలు పిల్ల కథను పలువురు ప్రచురణకర్తలు కాదన్న తరువాత, 1901 డిసెంబరులో సొంత ఖర్చుతో 250 ప్రతులు వేయించింది. మరుసటి యేడు ఫ్రెడరిక్ వార్న్ సంస్థ దానిని స్వీకరించింది. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో క్రిస్టఫర్ పావొలినీ పదిహేనేళ్లకు ‘ఎరగాన్’ వ్రాయడం మొదలుపెట్టాడు. 2002లో తల్లిదండ్రులే ఆ నవలను ప్రచురించారు. అతడు ప్రాచీన కాలపు దుస్తులు ధరించి పాఠశాలలకు, గ్రంథాలయాలకు వెళ్లి తన కథ చెప్పాడు. కార్ల్ హయాసెన్ అనే రచయిత సవతి కుమారుడు ఆ పుస్తకం చదివి ముచ్చటపడ్డాడు. ఆ మాట పెద్ద ప్రచురణ సంస్థ నాఫ్‌కు చేరింది. 2003లో అది ప్రపంచమంతా తెలిసింది. ఆ అదృష్టం అందరికీ పట్టదు. గమనించవలసినది ఏమంటే, ఆ పుస్తకాన్ని కనిపెట్టినవాడు విమర్శకుడు కాదు. ఆ వయస్సు పాఠకుడు.

చేయవలసినవి, చేయకూడనివి

అలాగని వ్రాసినదల్లా అచ్చుకు పంపమని మా ఉద్దేశం కాదు. సొంత ప్రచురణలో పెద్ద లోపం సంపాదకుడు లేకపోవడం. ఆ స్థానాన్ని రచయితే భర్తీ చేసికోవాలి. వ్రాతప్రతిని ముందుగా పదహారేళ్లవారు ఇద్దరికి, భాష బాగా తెలిసిన పెద్దలు ఒకరికి ఇవ్వండి. పిల్లలు ఎక్కడ చదవడం ఆపారో అడగండి. ఎందుకు ఆపారో మీకే తెలుస్తుంది. అచ్చుతప్పులు దిద్దే పని మాత్రం మరొకరికి అప్పగించండి. తన తప్పు తన కంటికి కనిపించదు.

మొదటి పుస్తకం చిన్నదిగా ఉండనివ్వండి. డెమ్మీ సైజులో పదహారు పుటలు ఒక ఫారం. నాలుగు ఫారాలైతే 64 పుటలు. ఒక పెద్ద కథకో, మూడు చిన్న కథలకో అది చాలు. ఆఫ్‌సెట్ ముద్రణలో అయిదు వందలో వెయ్యో ప్రతులు వేస్తేగాని ప్రతి ధర దిగిరాదు. డిజిటల్ ముద్రణలో యాభై ప్రతులైనా వేయించవచ్చు. ప్రతి ధర కొంత హెచ్చినా, అమ్ముడుపోని కట్టలు మంచం క్రింద మిగలవు. యాభై ప్రతులు వేయండి. అవి చదివినవారు ఏమన్నారో విని, దిద్ది, మరో యాభై వేయండి.

లెక్క కూడా ముందే చూసికోండి. ప్రతికి 60 రూపాయలు ఖర్చయి, వెల 120 పెట్టారనుకొందాం. దుకాణదారు మూడవ వంతు కమీషను తీసికొంటే మీకు చేరేది 80, మిగిలేది 20. వంద ప్రతులు అమ్మినా రెండు వేలే. అప్పుచేసి చేయదగిన పని ఇది కాదు. అందువల్లనే, మీ వద్ద పెద్ద మొత్తం తీసికొని పుస్తకం వేస్తామని, కీర్తి తెచ్చిపెడతామని చెప్పేవారి విషయంలో జాగ్రత్త అవసరం. డబ్బు మీరు పెట్టి, హక్కులు వారికి వ్రాసి ఇచ్చే ఒప్పందం మీద సంతకం చేయకండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, వ్రాసిన క్షణం నుంచే రచనపై హక్కు రచయితది. దానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఆ హక్కు రచయిత జీవితకాలమే గాక మరణానంతరం మరో 60 ఏళ్లు ఉంటుంది. ఇరవై రెండేళ్ల వయస్సులో తొందరపడి పెట్టే సంతకం ఎంత దూరం పోతుందో ఆలోచించండి.

పుస్తకానికి ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య కావాలంటే కొనవలసిన పనిలేదు. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దానిని ఉచితంగా ఇస్తుంది. రచయితలు స్వయంగా దరఖాస్తు చేసికోవచ్చు. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టాన్ని కూడా గుర్తుంచుకోండి. ప్రచురించిన 30 రోజులలోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నైలోని కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కొక్క ప్రతి పంపాలి. దీనిని భారంగా భావించకండి. మీ ఇంట చెదలు పట్టినా మీ పుస్తకం దేశంలో నాలుగు చోట్ల నిలిచి ఉండేందుకు చట్టం చేసిన ఏర్పాటు ఇది.

దూరాన ఉన్నవారికి పంపడానికి తపాలా శాఖ 2025 మే 1న ‘జ్ఞాన్ పోస్ట్’ను ఆరంభించింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, అయిదు కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం అన్నది ఆరంభంలో ప్రకటించిన ధర. మీ పుస్తకం దాని నిబంధనలకు సరిపోతుందో లేదో తపాలా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు పుస్తకం మీద వేయడం మరువవద్దు.

కాగితం ఖర్చు భరించలేనివారికి మరో దారి ఉన్నది. 2014లో ఆరంభమైన ‘ప్రతిలిపి’ వంటి వేదికల మీద తెలుగు కథలను ఖర్చు లేకుండా ప్రకటించవచ్చు. అయితే సెల్‌ఫోను చేతికివ్వని హాస్టళ్లలో ఉన్న పిల్లలకు నేటికీ చేరగలిగినది, చేతులు మారగలిగినది కాగితపు పుస్తకమే.

పాఠకుల వంతు

ఇంతవరకు రచయితలకు చెప్పాము. అసలు బాధ్యత మనది. కొత్త పుస్తకాలు రావడం లేదని విచారించే మనం, వచ్చినవాటి కోసం ఎంత వెదికాం? పుస్తక ప్రదర్శనకు వెళ్లినప్పుడు పేరున్న దుకాణాల వద్ద ఆగి, మూలనున్న చిన్న బల్లను దాటిపోతాం. ఈసారి హైదరాబాదు పుస్తక ప్రదర్శనకో, ఢిల్లీ ప్రగతి మైదానంలోని ప్రపంచ పుస్తక ప్రదర్శనకో వెళ్లినప్పుడు ఆ బల్ల వద్ద అయిదు నిమిషాలు నిలబడండి. పేరు తెలియని పుస్తకం తీసికొని మొదటి రెండు పుటలు, మధ్యలో ఒక పుట చదవండి. నచ్చితే ఒకటి మీకు, ఒకటి ఇంటిలోని పదహారేళ్ల పిల్లకు కొనండి. ఛాయ, అన్వీక్షికి వంటి హైదరాబాదు సంస్థలు కొత్త రచయితలను ప్రచురించి నిలబడగలిగాయంటే, అటువంటి పాఠకులు కొందరు ఉన్నందువల్లనే.

చదివిన తరువాత రచయితకు నాలుగు మాటలు వ్రాయండి. పొగడ్త అవసరం లేదు. ‘మూడవ ప్రకరణంలో ఆ అమ్మాయి ఎందుకు తిరిగి వచ్చిందో నాకు అర్థం కాలేదు’ అన్న ఒక్క వాక్యం చాలు. ఎవరో చివరిదాకా చదివారన్న సంగతి కొత్త రచయితకు దానివల్ల తెలుస్తుంది. ఉపాధ్యాయులు, గ్రంథాలయాధికారులు ఒక అడుగు ముందుకు వేసి, అటువంటి పుస్తకాన్ని తరగతిలో చదివించవచ్చు. రచయితను పిలిపించి పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పించవచ్చు.

సరాయిలో ఎవరూ శాశ్వతంగా ఉండరు. జియా సరాయ్ గదిలోని విద్యార్థి రేపు పరీక్ష గట్టెక్కి ఏ ఉద్యోగంలోనో చేరవచ్చు. గట్టెక్కకపోయినా ఊరికి తిరిగి పోవలసినదే. గది ఖాళీ చేసేనాడు, జిరాక్సు దుకాణంలో అమ్ముకొనే నోట్సుల కట్ట ఒక ప్రక్క, లెక్కల పుస్తకం వెనుక పుటలలోని కథ మరొక ప్రక్క ఉంటాయి. నోట్సుకు మరుసటి యేడు కూడా గిరాకీ ఉంటుంది. కథ మాత్రం పాత కాగితాలవాని తూకంలో పోకుండా కాపాడవలసినవాడు అతడొక్కడే. యాభై ప్రతులకు అయ్యే ఖర్చు, మన ఉదాహరణ ప్రకారం, మూడు వేల రూపాయలు. అది అతడు సమకూర్చుకొంటే, ఆ యాభై మంది పాఠకులలో ఒకరం కావడం మన వంతు.