దుర్గమెక్కువారి జేబులు

సెలవు దినములలో కృష్ణగిరి, రాయకోట దుర్గములను ఎక్కు మన యువకులలో కొందరు అనేక జేబులు గల, చేతులు లేని పైచొక్కాలను తొడుగుట చూచుచున్నాము. ఇది మంచిదే. నిట్టనిలువు మెట్లపై చేతిసంచి ప్రమాదకరము. కాలు జారినప్పుడు పట్టుకొనుటకు రెండు చేతులును ఖాళీగా ఉండవలెను. అయితే జేబులు ఎంత ఎక్కువైన అంత మేలనుకొనుట తగదని మా అభిప్రాయము.

అమెరికాలో లీ వుల్ఫ్ అను ఆయన 1931లో గాలమువేటకై ఇట్టి చొక్కాను తానే కుట్టుకొనెను. సామగ్రి ముందు, జేబులు తరువాత. మన పెద్దల ఆకువక్కల సంచియు అట్టిదే: ఆకున కొక అర, వక్క కొక అర, సున్నపుకాయ కొక అర. చీకటిలోనైనను చేయి తడబడెడిది కాదు.

కావున కొనువారు తమ సామగ్రిని వెంట తీసికొనిపోయి, జేబులలో నింపి, వంగి లేచి చూడవలెను. లీటరు నీరు కిలో బరువు. దానిని ఒకే ప్రక్క మోయక, రెండు అరలీటరు సీసాలుగా ఇరుప్రక్కల సర్దవలెను. తొడలకు తగులు జేబులు మెట్లెక్కుటకు అడ్డము. ఈల, మందులు ఉంచు జేబులకు మూతయు గుండీయు తప్పనిసరి. అంగడిలో తగినది దొరకనిచో దర్జీకి కొలతలిచ్చి కుట్టించుకొనుట మేలు.

ఒక జేబు మాత్రము ఖాళీగా ఉంచుడని మా మనవి. తినుబండారముల కాగితములు, ప్లాస్టిక్ సంచులు అందులో ఇంటికి రావలెను. పూర్వులు మనకు అప్పగించిన దుర్గమును చెత్తతో నింపి పిల్లలకు అప్పగింపరాదు.