వైకల్య పింఛను: తిరస్కారమునకు హేతు వేది?

ఆరోగ్యవంతుడని వైద్యులచే పరీక్షింపించి ప్రభుత్వము ఒక యువకుని సైన్యమున చేర్చుకొనును. ఏండ్లకొలది కొలువు చేయించుకొని, వ్యాధిగ్రస్తుడైన పిమ్మట ఇంటికి పంపును. అతడు వైకల్య పింఛను కోరగా, ఆ వ్యాధి అతని శరీరతత్త్వమువలన పుట్టినదే గాని కొలువువలన కాదని బదులు చెప్పును. అప్పీలు చేసినను అదే మాట. మరల చేసినను అదే మాట. ఇట్లేల జరుగుచున్నదో విచారింపవలసియున్నది.

లోపము నిబంధనలలో లేదు. 1982 నాటి అర్హతా నిబంధనలు సిపాయి పక్షముననే యున్నవి. చేరిననాడు నమోదుకాని జబ్బు తరువాత బయల్పడి, ఆ కారణముచే అతనిని తొలగించినచో, అది కొలువువలననే కలిగినదని సాధారణముగా భావింపవలెను. ఋజువు చేయు భారము అర్జీదారునిపై లేదు. సహేతుకమైన సందేహమున్నచో దాని ఫల మతనికే చెందవలెను. చేరికనాటి పరీక్షలో ఆ వ్యాధిని కనుగొన వీలులేకుండెనని వైద్యులు తలంచినచో, అందులకు కారణములు వ్రాయవలెను.

ఆ కారణములు వ్రాయకుండుటయే అసలు లోపము. కొలువుతో సంబంధము లేదని వైద్యమండలి యొక్క వాక్యము వ్రాయును. పింఛను మంజూరు చేయు అధికారి దానినే అనుసరించును. అప్పీళ్లలోను ఆ వాక్యమే ఆధారమగును. అప్పీలనగా విషయమును క్రొత్త కన్నులతో చూచుట. పాత వాక్యమును పెద్ద హోదాగలవాని చేవ్రాలుతో తిరిగి పంపుట అప్పీలు కాదు, ప్రతిధ్వని.

ఒక్క దృష్టాంతము చాలును. సిగ్నల్సు దళమున 1985 లో చేరిన యొక సిపాయిని మూర్ఛవ్యాధి కారణముగా 1994 లో తొలగించిరి. వైకల్యము నూటికి 20 పాళ్లు. హిమాచలప్రదేశ్ హైకోర్టున ఒక న్యాయమూర్తి 2004 లో అతని పక్షమున తీర్పు చెప్పెను. 2009 లో అదే హైకోర్టు ధర్మాసనము దానిని రద్దు చేసెను. తుదకు 2013 జూలై 2వ తేదీన సుప్రీముకోర్టు అతనికి పింఛను నిలువబెట్టెను. చేరికనాటి కాగితములలో జబ్బు ప్రస్తావన లేదు. వైద్యమండలి కారణము చెప్పలేదు. ఇంత చిన్నమాట తేలుటకు పందొమ్మిదేండ్లు పట్టినవి! అంతటితోనైన మార్గము సుగమమయ్యెనా? కారణములేని వైద్యాభిప్రాయము చెల్లదని 2025 లో సయితము ఆ న్యాయస్థానమే మరల చెప్పవలసివచ్చెను.

తిరస్కారములన్నియు అన్యాయములని మేమనము. సెలవుపై బంధువులింటికి పోయి మెట్లపైనుండి పడినవాని గాయము కొలువుది కాదని 2015 లో సుప్రీముకోర్టే తీర్మానించెను. ఉన్నతోద్యోగులు కొందరు విరమణవేళ మధుమేహమును, రక్తపుపోటును చూపి లాభపడుచున్నారను ఆరోపణయు కలదు. నిజమైనచో వారిని విచారింపుడు. ఎలుకపై కోపమున ఇంటికి నిప్పుపెట్టుట తగదు. 2023 సెప్టెంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త నిబంధనలు వ్యాధికిని కొలువుకును గల కార్యకారణ సంబంధమును ప్రధానముగ నెంచుచున్నవి. అట్లయిన కారణములు వ్రాయవలసిన విధి మరింత హెచ్చినదే గాని తగ్గలేదు.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. మిలిటరీ మాధవరమని పేరొందిన గ్రామము మన గోదావరి మండలమునందే యున్నది. ఆంధ్ర, తెలంగాణ సిపాయిల వ్యాజ్యములు సాయుధదళముల ట్రిబ్యునలు చెన్నై పీఠమునకు చెందును. అంతదూరము పోయి వకీలును పెట్టుకొనుటకు పేద సిపాయికి శక్తి యెక్కడిది? చదువరులు తమ యూరనట్టివా డున్నచో, వైద్యమండలి నివేదిక నకలు తెప్పించుటకు తోడ్పడుదురు గాక. అందు కారణము వ్రాసియున్నదేమో మొదట చూడవలెను. లేనిచో అతని వ్యాజ్యమునకు బలమైన ఆధార మదియే.

ప్రభుత్వమువారి కర్తవ్యము స్పష్టము. కారణములేని అభిప్రాయమును అప్పీలునకు ముందే త్రిప్పి పంపవలెను. అప్పీలును మొదటి మండలితో సంబంధములేని వైద్యులు రోగిని స్వయముగా చూచి తీర్మానింపవలెను. సుప్రీముకోర్టు తేల్చిన విషయముపై సిపాయిని తిరిగి న్యాయస్థానములకు ఈడ్వరాదు. శత్రువుతో పోరాడుటకు చేర్చుకొనిన వానిని తన ప్రభుత్వముతోనే జీవితాంతము పోరాడ నిర్బంధించుట ఏ స్వతంత్రదేశమునకును గౌరవము కాదు.