మానొద్దంటే సరిపోదు

‘మందు మాత్రం ఆపొద్దమ్మా.’ స్కిజోఫ్రెనియా వచ్చిన కొడుకుని వెంటబెట్టుకుని బందరు నుంచో అవనిగడ్డ నుంచో బెజవాడ వెళ్లిన తల్లికి చీటీతో పాటు దక్కేది తరచూ ఈ ఒక్క మాటే. ఆ మందు ఒంటికి ఏం చేస్తుందో చెప్పే తీరిక డాక్టరుకు ఉండదు. అడిగే ధైర్యం ఆమెకు ఉండదు.

ఆ మాట తప్పేమీ కాదు. 2012లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన సమీక్షలో, ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది మందు వాడుతున్నవారిలో 27 శాతానికి, ఆపేసినవారిలో 64 శాతానికి. బ్రిటన్‌లో మోతాదు మెల్లమెల్లగా తగ్గించి చూసిన రాడార్ అధ్యయనం 2023లో వెలువడింది. తగ్గించినవారిలో జబ్బు తీవ్రంగా తిరగబెట్టడం దాదాపు రెట్టింపయింది. పోనీ, రోజువారీ బతుకు మెరుగుపడిందా అంటే రెండేళ్లకూ అదీ లేదు. మందులన్నీ కంపెనీల మాయేనని ఫోన్లలో ఊదరగొట్టేవారి సంగతి అంతటితో సరి.

మరి మానేసేవాడు ఎందుకు మానేస్తున్నాడు? చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పనికి వెళ్లే కుర్రాడికి హాలోపెరిడాల్‌తో వేళ్లు వణికాయనుకోండి. రాయి ఎత్తి గుంటలో కూర్చోబెట్టబోతే పక్కకు జారిపోతుంది. పని జరిగితేనే కూలి. చెవిలో మాటలు తగ్గాయి సరే, పూట గడిచేదెట్లా? వణుకు తగ్గించే బిళ్ల ఉంది, మోతాదు తగ్గించవచ్చు, మందే మార్చవచ్చు. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పరు. నాగాయలంకలో తెల్లారకముందే చేపల వేటకు పోవాల్సినవాడు ఓలాంజపైన్ మత్తులో లేవలేడు. కొన్నాళ్లకు చొక్కాలు బిగుతవుతాయి, షుగరూ రావచ్చు. చెప్పాపెట్టకుండా ఆపేసి, మళ్లీ ముదిరి వస్తే, ‘మందు సరిగా వాడటం లేదు’ అని చీటీ మీద ఒక్క ముక్క రాసేస్తారు. నేరం రోగి నెత్తిన పడుతుంది. చెయ్యి చాపమని ఒక్కసారైనా అడగని వైద్యుడికి అలా రాసే అర్హత ఎక్కడిది?

రెండు మందులకు లొంగని జబ్బుకు క్లోజపైన్ ఉంది. దానికి మొదటి నెలల్లో వారం వారం రక్తంలో తెల్లకణాలు లెక్క చూడాలి. కోడూరు కూలీ ఆ పరీక్షకు ఎన్ని బస్సులు ఎక్కాలి? అందుకే చాలామందికి ఆ మందు పేరే తెలియదు.

ఈ బాధ్యత నుంచి ప్రభుత్వం మాత్రం తప్పించుకోజాలదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ ప్రకారం, నిత్యావసర జాబితాలోని మానసిక ఔషధాలు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై ప్రభుత్వ ఆసుపత్రులన్నిటా, అన్నివేళలా ఉచితంగా దొరకాలి. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాను విడదీసినప్పుడు విజయవాడ పెద్దాసుపత్రి ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. 2023లో బందరుకు వైద్య కళాశాల వచ్చింది. బోర్డులు మారాయి, బాగానే ఉంది. గుడివాడలో, అవనిగడ్డలో రిస్పెరిడోన్ మందు నిల్వ ఏ నెల ఎంతుందో, ఎన్ని రోజులు నిండుకుందో జనానికి చెప్పే నాథుడేడీ?

ఆ నిల్వ లెక్కలు నెలనెలా ఆసుపత్రి గోడ మీద అంటించాలి. బందరు కళాశాల మానసిక వైద్యులు వారానికొక రోజు గుడివాడలోనూ దివిసీమలోనూ కూర్చోవాలి. వచ్చిన ప్రతివారి బరువు, షుగరు, చేతి వణుకు చీటీలో నమోదు చేయాలి. క్లోజపైన్ రక్తపరీక్ష అవనిగడ్డలోనే జరగాలి, ఫలితం అదే రోజు చేతికివ్వాలి.