యావజ్జీవమంటే ఎన్నేళ్ళు?



యావత్ + జీవం = యావజ్జీవం. శ్చుత్వసంధి; అవ్యయీభావ సమాసం. ప్రాణమున్నంతకాలం అని అర్థం. తెలుగు పండితుడిగా పనిచేసినన్నాళ్ళూ పిల్లలకు ఇలాగే చెప్పాను. ఈ పదాన్ని ఎన్ని విధాల విడదీసినా అందులో పద్నాలుగు అనే సంఖ్య కనిపించదు. అయినా "యావజ్జీవమంటే పద్నాలుగేళ్ళే కదండీ!" అని విద్యావంతులు సైతం నిస్సంకోచంగా అంటూంటారు. ఆ అపోహను ఖండించడమే ఈ టపా ఉద్దేశం.

గాంధీ హత్యకేసులో శిక్షపడిన గోపాల్ గాడ్సే, తనకు లభించిన శిక్షాతగ్గింపులను కలుపుకుంటే ఇరవై ఏళ్ళు నిండాయనీ, తనను విడుదల చేయాలనీ వాదించాడు. 1961లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తిరస్కరించింది. ప్రభుత్వం క్షమిస్తే తప్ప యావజ్జీవమంటే జీవితాంతమేనని తేల్చిచెప్పింది. ఆ ఇరవై అనే అంకె శిక్షలో భిన్నాలను లెక్కకట్టడానికి శాసనం పెట్టుకున్న కొలమానం మాత్రమే.

మరి పద్నాలుగు ఎక్కడిది? 1978లో నేరవిచారణ స్మృతికి 433-ఎ సెక్షను చేర్చారు. మరణశిక్షకు సైతం తగిన నేరంలో యావజ్జీవం పడినవాణ్ణి కనీసం పద్నాలుగేళ్ళు నిండకుండా విడువరాదని దాని సారాంశం. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త స్మృతిలో అదే నియమం 475వ సెక్షనుగా ఉంది. అంటే పద్నాలుగు గడప. మనవాళ్ళు దాన్ని పైకప్పు అనుకున్నారు! గడప దాటాలని కోరే అర్హత వేరు, దాటే హక్కు వేరు.

ఇక ఆ గడపను దాటించే చేతులెవరివి? అసలు బాధ ఇక్కడే ఉంది. రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నరుకున్న క్షమాధికారానికి ఆ పద్నాలుగేళ్ళ అడ్డుకూడా లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక హత్యకేసు ముద్దాయికి పడిన పదేళ్ళ శిక్షలో మిగిలిన భాగాన్ని గవర్నరు రద్దుచేయగా, హతుల కుమారులు సుప్రీంకోర్టుకెక్కారు. 2006లో ఏపూరు సుధాకర్ కేసు తీర్పులో న్యాయస్థానం ఆ క్షమను కొట్టివేసింది. కులం, మతం, రాజకీయ విధేయత క్షమకు ప్రాతిపదికలు కారాదన్నది. పాఠం వంటబట్టిందా? 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వం బిల్కిస్ బానో కేసులో పదకొండుమంది యావజ్జీవ ఖైదీలను విడిచిపెట్టింది. అసలు ఆ అధికారమే ఆ ప్రభుత్వానికి లేదని 2024 జనవరి 8న సుప్రీంకోర్టు తేల్చి, వారిని తిరిగి జైలుకు పంపింది.

"అయితే దయ వద్దంటారా మాస్టారూ?" అని ఎవరైనా వ్యాఖ్య రాయవచ్చు. ఎంతమాత్రం అనను. పనిచేసి, సత్ప్రవర్తనతో ఖైదీ సంపాదించుకునే తగ్గింపు న్యాయమైనదే. మారిన మనిషిని మరణించేదాకా బంధించడం సంస్కారం కాదు. కానీ దయకు నియమం ఉండాలి. లేకుంటే అది దయ కాదు, పక్షపాతం.

ఈ పక్షపాతం రెండోవైపు మరింత క్రూరం. 2022 చివరినాటికి మన కారాగారాలలో నూటికి డెబ్బయి అయిదుగురికి పైగా విచారణ ఖైదీలే. తీర్పే లేదు, జైలు మాత్రం ఉంది! గరిష్ఠ శిక్షలో సగం గడిపినవారిని, తొలి నేరమైతే మూడోవంతు గడిపినవారిని, బెయిలుపై వదలాలని కొత్త స్మృతి 479వ సెక్షను అంటోంది (మరణశిక్ష, యావజ్జీవం పడదగిన నేరాలు మినహా). పూచీకత్తు ఇచ్చే నాథుడు లేనివాడికి ఆ సెక్షను ఉండీ ఏం లాభం? పలుకుబడి ఉన్నవాడు తీర్పు తర్వాత శిక్ష తగ్గించుకుంటాడు. లేనివాడు తీర్పుకు ముందే శిక్ష అనుభవిస్తాడు.

నేను కోరేది స్వల్పం. ఏ ఖైదీని ఎందుకు ముందుగా విడిచారో కారణాలు రాతపూర్వకంగా ప్రజలముందు ఉంచాలి. నిర్ణయానికి ముందు బాధితుల మాట వినాలి. అంతవరకూ "యావజ్జీవం" అన్న మాటకు నిఘంటువులో ఒక అర్థం, సచివాలయంలో ఇంకొక అర్థం ఉంటూనే ఉంటాయి. సంధి విడదీయడం బడిపిల్లలకు నేర్పగలిగాను, ఏలినవారికి నేర్పేదెవరు?