విత్తనం ధర కాడ మన వకీలు ఎవరు?

వకీలంటే మన వాడల్ల ఎవరు? కేసయితే బెయిలు తెచ్చేటాయన. అట్రాసిటీ కేసుల మన దిక్కు నిలబడేటాయన. ఆ వకీళ్ళు మనకు కావలె. 1985లో కారంచేడులో ఆరుగురు దళితులను చంపితే, బొజ్జా తారకం గారు హైకోర్టు ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలి బాధితుల పక్షాన నిలబడ్డరు. 'పోలీసులు అరెస్టు చేస్తే' పుస్తకం రాసి ఠాణాలో మన హక్కులేమిటో చెప్పిండ్రు.

అయితే దోపిడీ ఠాణాలోనే జరగదు. విత్తనాల దుకాణంలో జరుగుతది. పత్తి కాంటా కాడ జరుగుతది. అక్కడ మన వకీలు ఎవరు?

ఒకే కంపెనీ మార్కెట్టును గుప్పిట పెట్టుకొని ఇష్టమొచ్చిన ధర గుంజినా, కొనేటోళ్ళు రింగై ధర పడగొట్టినా తప్పేనని చెప్పే చట్టాలున్నయి. 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టం పోయింది. దాని స్థానంలో 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఉన్నది. ఢిల్లీలో దానికొక కమిషన్ ఉన్నది.

ఈ చట్టం మనకెందుకంటరా? 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్టు ఒకప్పుడు 1,850 రూపాయలు. అందులో 1,250 మోన్‌శాంటో వాళ్ళ జన్యువుకు రాయల్టీ. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయి కొట్లాడింది. రాయల్టీ తగ్గించమని కమిషన్ ఆదేశించింది. ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది. అంటే ప్యాకెట్టుకు 1,100 తేడా. ఉద్దెరకు విత్తనం తెచ్చి, మిత్తి కట్టే కౌలుదారుకు అది చిన్న పైకమా?

కంపెనీలు ఊకె కూర్చోలేదు. 2016లో కొత్త కమిషన్ మోన్‌శాంటో మీద విచారణకు ఆదేశిస్తే వాళ్ళు హైకోర్టుకు పోయిండ్రు. పేటెంటు సంగతుల్లో కమిషన్‌కు అధికారం లేదని 2023లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. పైసలున్నోడు పెద్ద వకీళ్ళను పెట్టి ఏండ్లకేండ్లు వాదిస్తడు. ఆ గదిలో పత్తి ఏరే ఎల్లమ్మ తరఫున మాట్లాడేటోళ్ళు ఉండరు.

అంబేద్కర్‌ను మనం రాజ్యాంగం రాసిన బారిస్టరుగానే తల్చుకుంటున్నం. రూపాయి సమస్య మీద పరిశోధన చేసి 1923లో లండన్‌లో డి.ఎస్సీ. పట్టా తీసుకున్న ఆర్థికవేత్త కూడా ఆయనే. చట్టమూ, మార్కెట్టూ రెండూ తెలిసిన మనిషి. మనకు ఇప్పుడు కావలసింది అటువంటి చదువు.

మన శేరిగూడలో ఇంజనీరింగ్ కాలేజీలు లేచినయి. ఇంటర్ అయిన ప్రతి పిల్లగాని చూపు అటే. లా చదువు ఇంటర్ మీద అయిదేండ్లు, డిగ్రీ మీద మూడేండ్లు. పట్టా వచ్చినంక అసలు కష్టం మొదలైతది. తండ్రి, తాత వకీళ్ళయినోనికి ఆఫీసు, బీరువా, పార్టీలు తయారుగ ఉంటయి. కూలోని బిడ్డ సీనియరు ఫైళ్ళు మోస్తూ ఏండ్లు గడపాలె. అందుకే చాలామంది నడుమనే వదిలిపెడుతున్నరు. కంపెనీ చట్టాలు, వ్యాపార చట్టాలు నేర్చుకునే దళిత వకీళ్ళకు ఢిల్లీలో ఉండి పని నేర్చేటందుకు ప్రభుత్వం బతకగలిగినంత స్టైపెండు ఇయ్యాలె. ఇది మన సంఘాల డిమాండు కావాలె.

అప్పటిదాక చేతులు కట్టుకొని కూర్చునే పని లేదు. కాంపిటీషన్ చట్టం 19వ సెక్షన్ కింద ఎవరైనా, ఏ సంఘమైనా కమిషన్‌కు ఫిర్యాదు పంపొచ్చు. పత్తి కొనేటోళ్ళు రింగైండ్రని అనుమానమొస్తే తేదీ, కొన్నోని పేరు, చెప్పిన ధర రాసిపెట్టుండ్రి. తక్‌పట్టీలు పారెయ్యకుండ్రి. రేపు మన బిడ్డ నల్లకోటు వేసుకొని నిలబడితే, ఆ కాగితాలే ఆమె చేతిలో ఆయుధాలు.