చికిత్సకు తొలి మెట్టు ఎంజైమ్ పరీక్షే
అరుదైన వ్యాధుల నిర్ధారణలో జాప్యం.. జిల్లాల చిన్నారులకు శాపం

పొట్ట ఉబ్బి, రక్తం తగ్గి, ఎముకల నొప్పులతో బాధపడే చిన్నారికి ఒక ఆసుపత్రిలో కాలేయ వ్యాధి అంటారు. మరోచోట రక్తహీనతగా భావించి మందులిస్తారు. అది గౌచర్ వ్యాధి అని తేలేసరికి ఏళ్లు గడిచిపోతున్న సందర్భాలున్నాయి. మందు ఉండి కూడా, సకాలంలో పరీక్ష జరగక వాటిల్లుతున్న నష్టమిది.

లోపం ఎక్కడ?
కణాల్లోని వ్యర్థాలను విడగొట్టే సంచుల వంటి భాగాలే లైసోజోములు. 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ వీటిని వెలుగులోకి తెచ్చారు. జన్యులోపం వల్ల వీటిలోని ఏ ఎంజైము కొరవడినా, అది కరిగించాల్సిన పదార్థం కణాల్లో పేరుకుపోతుంది. గ్లూకోసెరిబ్రోసిడేజ్ కొరవడితే గౌచర్, ఆమ్ల ఆల్ఫా గ్లూకోసిడేజ్ కొరవడితే పాంపే వ్యాధి వస్తాయి. ఈ కోవకు చెందిన వ్యాధులు 50 వరకు ఉన్నాయి.

పరీక్ష ఇలా..
రక్తంలోని తెల్లకణాలను వేరుచేసి, వాటికి ఒక కృత్రిమ రసాయనాన్ని కలుపుతారు. ఎంజైము ఆ రసాయనాన్ని విడగొడితే, వెలువడిన భాగం అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. ఆ మెరుపును బట్టి ఎంజైము పనితీరును లెక్కగడతారు. అయితే ఎంజైములు సున్నితమైనవి. దారిలో వేడి తగిలినా, చేరడం ఆలస్యమైనా నమూనా చెడిపోయి, లేని లోపం ఉన్నట్లు కనిపించవచ్చు. అందుకే అదే నమూనాలో మరో ఎంజైమును కూడా కొలిచి సరిచూస్తారు.

వడపోత కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కలతో రవాణా చిక్కు చాలావరకు తీరుతుంది. వీటిని తపాలాలోనూ పంపవచ్చు. ఇందులో లోపం కనిపిస్తే తెల్లకణాల పరీక్షతో గానీ, జన్యు పరీక్షతో గానీ నిర్ధారించుకోవాలి. ఫ్యాబ్రీ వ్యాధి ఉన్న స్త్రీలలో ఎంజైము సాధారణ స్థాయిలోనే ఉండవచ్చు కనుక వారికి జన్యు పరీక్ష తప్పనిసరి.

సాయానికీ ఇదే ఆధారం
కేంద్రం 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానాన్ని ప్రకటించింది. 2022లో ఒక్కో రోగికి గరిష్ఠంగా రూ.50 లక్షల సాయం అందించేలా దాన్ని సవరించింది. ఈ విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ-నిమ్స్ ఒకటి. వ్యాధి నిర్ధారణ కానిదే ఈ సాయం అందదు. ఎంజైమును ఎక్కించే చికిత్స జీవితాంతం సాగాలి. బరువు పెరిగేకొద్దీ మోతాదు, దానితో ఖర్చు పెరుగుతాయి కనుక రూ.50 లక్షలు కూడా ఎంతోకాలం సరిపోవు. అయినా తొలి దశలో ప్రాణం నిలిపేది ఈ సాయమే. శైశవంలోనే బయటపడే పాంపే వ్యాధికి చికిత్స అందకపోతే చాలామంది శిశువులు తొలి పుట్టినరోజు చూడరు.

మందు లేకున్నా మేలే
టే-శాక్స్ వంటి వ్యాధులకు వ్యాధిని నయం చేసే మందు నేటికీ లేదు. అయినా పరీక్ష వృథా కాదు. తల్లిదండ్రులిద్దరూ లోపమున్న జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వ్యాధి నిర్ధారణ అయి ఉంటే, తర్వాతి గర్భంలో మూడో నెలలోనే పరీక్ష చేయించుకోవచ్చు. మేనరికాలు కొనసాగుతున్న తెలుగు జిల్లాల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం.

చేయాల్సిందేమిటి?
2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చిన్నారులను పరీక్షించే బృందాలు, జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటయ్యాయి. అక్కడి వైద్యులకు ఈ వ్యాధుల లక్షణాలపై శిక్షణ ఇచ్చి, రక్తపు చుక్కలు సేకరించే కాగితాలను అందుబాటులో ఉంచాలి. నమూనా పంపడం, ఫలితం తెప్పించడం ఆసుపత్రి బాధ్యతే కావాలి. ఖరీదైన యంత్రాలు ప్రతి జిల్లాకూ అక్కర్లేదు. అనుమానం వచ్చిన రోజే బిడ్డ రక్తపు చుక్క ప్రయోగశాలకు బయలుదేరే ఏర్పాటు ఉంటే ఎన్నో ఏళ్ల జాప్యం తప్పుతుంది.